హైఫా రోజున గుర్తొచ్చే రౌతులు మిగతా నాలుగేళ్ళు ఏం చేశారో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో, మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనాలోని హైఫా ఊరి దగ్గర జరిగిన హైఫా యుద్ధం మీద వచ్చిన వ్యాసం రెండు సార్లు చదివాను సార్. ఫోటోలు బాగున్నాయి, ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర ఉన్న మూడు కంచు విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాద్ లాన్సర్లది, అంటే నిజాం సంస్థానం బల్లెం రౌతులది అని రాశారు, అది చదివి చాలా సంతోషం వేసింది, మా మనవరాలిని పిలిచి చూపించాను కూడా. కానీ అందులో హైదరాబాద్ రౌతులు బల్లేలు పట్టుకుని హైఫా కొండ మీదకి దూసుకుపోయారు అని ఒక లైను ఉంది, ఆ ఒక్క లైను గురించి, దాని వెనక వదిలేసిన దాని గురించి ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే అయింది, కట్ చేయాల్సి వస్తే ముందు భాగం కట్ చేయండి గానీ ఆఖర్లో అడిగింది మాత్రం ఉంచండి ప్లీజ్.

నేను పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్ళు పైన చేసి రిటైర్ అయ్యాను, ఉండేది బొల్లారంలో, రిసాలా బజార్‌కి నడిచిపోయే దూరం. రిసాలా అంటే గుర్రపు దళం. ఆ పేరు రోజూ బస్సు మీద చదువుతాం, ఆటోవాడికి చెప్తాం, కానీ ఎందుకు ఆ పేరు వచ్చిందని అడిగేవాళ్ళు తక్కువ. సిటీలోకి వెళ్తే మాసాబ్ ట్యాంక్ దగ్గర ఫస్ట్ లాన్సర్ అని ఒక ఏరియా ఉంది, దాని పక్కనే ఏసీ గార్డ్స్, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం కొలువులో ఉన్న సిద్దీ రౌతులు కాపురం ఉన్న చోటు. చాలామంది ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ అనుకుంటారు, పిల్లలైతే మరీను. ముషీరాబాద్ వైపు రిసాలగడ్డ ఉంది. ఇన్ని పేర్లు ఉన్న ఊళ్ళో ఆ పేర్ల వెనక ఉన్న మామూలు రౌతు మాత్రం ఎవరికీ గుర్తులేడు.

ముందు హైఫా సంగతి. 1918 సెప్టెంబర్ 23న హైఫా ఊరి మీదకి గుర్రాలతో పోయింది జోధ్‌పూర్ లాన్సర్లు, మైసూర్ లాన్సర్లు. జోధ్‌పూర్ దళాన్ని నడిపిన మేజర్ దళపత్ సింగ్ అక్కడే చనిపోయాడు. ఆ రోజు 1,350 మందిని ఖైదీలుగా పట్టుకున్నారు, 17 ఫిరంగులు దొరికాయి, మన వైపు చనిపోయింది 8 మంది, గుర్రాలు మాత్రం 60. హైదరాబాద్ లాన్సర్లు అదే బ్రిగేడ్‌లో, అంటే మూడు రెజిమెంట్లు కలిసిన దళంలో వాళ్ళే, పదిహేనో ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్, కానీ ఆ రోజు దాడిలో వాళ్ళు లేరు, వెనక ఎస్కార్ట్ డ్యూటీ, ఖైదీల కాపలా లాంటి పనుల్లో ఉన్నారు. దీనికి వాట్సాప్‌లో ఒక కారణం తిరుగుతూ ఉంటుంది, వాళ్ళు ముస్లింలు కాబట్టి టర్కీ వాళ్ళ మీదకి పంపలేదు అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. అదే డివిజన్‌లో, అంటే ఇలాంటి మూడు బ్రిగేడ్లు కలిసిన పెద్ద దళంలో, పద్నాలుగో బ్రిగేడ్‌లో మన ఇరవయ్యో డెక్కన్ హార్స్ అనే గుర్రపు రెజిమెంట్ ఉంది, దాంట్లో దక్కనీ ముస్లిం రౌతులు ఉన్నారు, పదమూడో బ్రిగేడ్‌లో ఉన్న పద్దెనిమిదో లాన్సర్స్‌లో పంజాబీ ముస్లింలు ఉన్నారు, వీళ్ళందరూ ఆ పాలస్తీనాలోనే ఆ టర్కీ సైన్యంతోనే పోరాడారు. ఒక రెజిమెంట్‌ని ముందుకి పంపడం ఇంకో రెజిమెంట్‌ని వెనక పెట్టడం యుద్ధంలో రోజూ జరిగేదే, ఎవరో ఒకరు సామాను బండ్ల దగ్గర ఉండాలి, పట్టుకున్న వేల మంది ఖైదీలకి నీళ్ళు ఇచ్చి నడిపించుకుని రావాలి. ఆ పనిలో ఉన్నవాడిని తక్కువ చేయడం గానీ, వాడు చేయని దాడిని వాడికి అంటగట్టి పెద్దవాడిని చేయడం గానీ రెండూ వద్దు సార్. హైదరాబాద్ లాన్సర్లు 1914 ఆఖర్లోనే ఈజిప్ట్ చేరారు, సూయజ్ కాలువ ఒడ్డున ఎడారిలో గస్తీ తిరిగారు, 1915 ఫిబ్రవరిలో టర్కీ సైన్యం కాలువ దాటడానికి వచ్చినప్పుడు ఆ బ్రిగేడ్ అక్కడే కాపలాలో ఉంది. అప్పటి నుంచి 1918 దాకా నాలుగేళ్ళు ఆ ఇసుకలో ఉన్నారు. ఆ నాలుగేళ్ళు ఒక్క రోజు హైఫా కంటే తక్కువా?

ఇంక నాకు బాగా దగ్గరైన సంగతి డెక్కన్ హార్స్‌ది. మా దోస్తు ఒకాయన ఉన్నాడు, రిసాలా బజార్‌లో చిన్న హార్డ్‌వేర్ షాపు, వాళ్ళ నాన్నకి తాత ఆ రెజిమెంట్‌లో సవార్. సవార్ అంటే రౌతు, ఇన్‌ఫంట్రీలో, అంటే కాలిబంట్ల దళంలో సిపాయి అంటారు చూడండి, గుర్రపు దళంలో సవార్ అంటారు, దాని పైన దఫాదార్, జమేదార్, రిసాల్దార్, ఇలా. ఈయన సవార్‌గా వెళ్ళి సవార్‌గానే తిరిగొచ్చాడు. వాళ్ళింట్లో ఒక రేకు డబ్బాలో రెండు మెడల్స్ ఉండేవి, మూడోది వెండిది, దాన్ని ఎప్పుడో ఎవరో పెళ్ళి ఖర్చుకి అమ్మేశారు. మిగిలిన రెండిట్లో ఒకటి నక్షత్రం ఆకారంలో కంచుది, 1914 స్టార్ అంటారు, ఆ ఏడాది నవంబర్ 22 లోపు ఫ్రాన్స్, బెల్జియంలో అడుగుపెట్టిన వాళ్ళకి మాత్రమే ఇచ్చింది. రెండోది గుండ్రటి విక్టరీ మెడల్. మా దోస్తు దాన్ని చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు గానీ ఏ రోజూ అంచు తిప్పి చూడలేదు.

ఆ మనిషి ఏం చేశాడో ఇంట్లో ఎవరికీ కథలా తెలియదు, "ఫ్రాన్స్ గయే థే" అని ఒక్క మాట మిగిలింది. నేను రిటైర్ అయ్యాక ఖాళీగా ఉన్నాను కదా అని ఆ రెజిమెంట్ ఎక్కడెక్కడ తిరిగిందో చదవడం మొదలుపెట్టాను, ఆ దారి పట్టుకుని ఆయన దారి కూడా చాలా వరకు తెలిసింది, ఎందుకంటే రౌతు తన ఇష్టం వచ్చినట్టు పోడు, రెజిమెంట్ ఎటు పోతే అటే.

యుద్ధం మొదలయ్యేటప్పటికి డెక్కన్ హార్స్ సిల్లాదార్ రెజిమెంట్. దీని పద్ధతి మీ పాఠకులకి చెప్పాలి, ఇప్పటి వాళ్ళకి వింతగా ఉంటుంది. చేరేవాడు తన గుర్రం తనే తెచ్చుకోవాలి, లేదా దానికి తగ్గ డబ్బు రెజిమెంట్‌లో కట్టాలి, దాన్ని అసామీ అనేవాళ్ళు. మనకి అసామి అంటే మనిషి అనే అర్థంలోనే తెలుసు, అక్కడ మాత్రం రెజిమెంట్‌లో నీ చోటుకి, నీ గుర్రానికి నువ్వు కట్టిన సొమ్ము అన్నమాట. నెలకి 30 రూపాయల పైన జీతం, అందులోనే గుర్రానికి దాణా, జీను, బట్టలు, సైసుకి అంటే గుర్రాన్ని చూసుకునేవాడికి, గడ్డి కోసేవాడికి వాటా అన్నీ. తుపాకీ, గుళ్ళు మాత్రం సర్కారు ఇచ్చేది. అంటే గుర్రం చస్తే దళానికి ఒక గుర్రం తగ్గినట్టే కాకుండా ఆ రౌతు కుటుంబం ఆస్తి కూడా పోయినట్టు. పొలం అమ్మి చేరినవాళ్ళు ఉంటారు ఆ రోజుల్లో. ఊళ్ళ మీద గొడవలు, సరిహద్దులో చిన్న యుద్ధాలు అయితే ఈ పద్ధతి నడిచింది గానీ వేల గుర్రాలు వారాల్లో పోయే యుద్ధంలో నడవలేదు, యుద్ధం అయిపోయాక ఆ పద్ధతే తీసేశారు.

డెక్కన్ హార్స్ ఉన్న బ్రిగేడ్ పేరే సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్. ఫ్రాన్స్ యుద్ధం గురించి ఇంగ్లీషులో రాసిన చరిత్రల్లో మన ఊరి పేరు పేజీ పేజీకీ వస్తుంది సార్, నేను మొదటిసారి చూసినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. 1914 అక్టోబర్‌లో వీళ్ళు మార్సెయ్ రేవులో దిగారు. దక్కన్ ఎండకి కుట్టిన పల్చటి ఖాకీ బట్టలు, ముందు వచ్చేది ఉత్తర ఫ్రాన్స్ చలికాలం. అక్కడ చూస్తే గుర్రం ఎక్కే యుద్ధమే లేదు. ముళ్ళకంచె, మెషిన్ గన్, మోకాలి లోతు నీళ్ళున్న కందకాలు. రౌతుల్ని గుర్రాలు దింపి కందకాల్లోకి పంపారు, ఫెస్టుబేర్, జివాన్షీ అనే ఊళ్ళ దగ్గర 1914 డిసెంబర్‌లో గట్టి పోరాటాలు జరిగాయి, సికింద్రాబాద్ బ్రిగేడ్ వాటిల్లో ఉంది. రౌతులు గుర్రం దిగి పోరాడాలంటే ప్రతి నలుగురిలో ఒకడు నాలుగు గుర్రాల పగ్గాలు పట్టుకుని వెనక ఉండాలి, అంటే వంద మంది ఉంటే ముందుకి తుపాకీ పట్టుకుని పోయేది డెబ్బై అయిదు మందే. ఆ పగ్గాలు పట్టుకున్న నాలుగోవాడి గురించి నేను చాలాసార్లు ఆలోచిస్తాను. షెల్స్ పడుతుంటాయి, నాలుగు గుర్రాలు బెదురుతుంటాయి, ముందు తన వాళ్ళు ఏమవుతున్నారో కనపడదు, వదిలేసి పోవడానికి లేదు. వాడికి మెడల్ ఏమీ రాదు, రిపోర్ట్‌లో పేరు కూడా రాదు. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అని మన వాళ్ళు అంటారు, అక్కడ ఒక్కొక్కడు నాలుగు గుర్రాల్ని పదహారు కాళ్ళ మీద నిలబెట్టాడు.

1915 చివర్లో మన ఇన్‌ఫంట్రీ డివిజన్లని ఫ్రాన్స్ నుంచి తీసి మెసొపొటేమియాకి, అంటే ఇప్పటి ఇరాక్‌కి పంపించేశారు గానీ గుర్రపు దళాలు 1918 మొదటి దాకా అక్కడే ఉన్నాయి. అంటే నాలుగు చలికాలాలు. ఎప్పుడో ముందు వరస తెగితే దూసుకుపోవడానికి కావల్రీ రెడీగా ఉండాలని వాళ్ళని అట్టే పెట్టారు, ఆ తెగడం ఎప్పుడూ సరిగ్గా జరగలేదు. ఈలోపు వీళ్ళ చేత కందకాలు తవ్వించారు, రోడ్లు వేయించారు, చలికాలం పల్లెటూళ్ళలో రైతుల ఇళ్ళలో కొట్టాల్లో ఉంచారు. మన దగ్గర శనగలు, ఉలవ గుగ్గిళ్ళు తిన్న గుర్రాలకి అక్కడ ఓట్స్. బురదలో నిలబడి నిలబడి గుర్రాల కాళ్ళకి పుళ్ళు పడేవి, రోజుకి రెండు మూడు సార్లు తోమాలి, గిట్టలు గీకి చూడాలి, నీళ్ళకి తీసుకుపోవాలి, ఇది చేయకుండా రౌతు తన అన్నం దగ్గర కూర్చోడానికి లేదు, ముందు గుర్రం తర్వాతే మనిషి, ఇది కావల్రీలో చేరిన రోజునే నేర్పే మాట.

ఉత్తరాల సంగతి చెప్పకపోతే పోస్టాఫీసు వాడిగా నా మనసు ఒప్పుకోదు. ఫ్రాన్స్ నుంచి మన వాళ్ళు రాసిన ఉత్తరాలు ఉర్దూ, గురుముఖి, హిందీ ఇంకా వేరే లిపుల్లో వేలకి వేలు, చాలామందికి చదువు రాదు కాబట్టి రాయడం వచ్చిన తోటివాడి చేత రాయించుకునేవాళ్ళు, ఇంటి దగ్గర కూడా చదివిపెట్టే మనిషి కావాలి, అంటే ఒక మొగుడు పెళ్ళాం మాట మధ్యలో ఇద్దరి నోట పడేది. దాని పైన సెన్సార్. ఫ్రాన్స్‌లో ఇండియన్ మెయిల్స్‌కి ప్రత్యేకంగా సెన్సార్ ఆఫీసు పెట్టి, ఉత్తరాలు తెరిచి, కొన్నిటిని ఇంగ్లీషులోకి తర్జుమా చేసి పై వాళ్ళకి రిపోర్ట్ పంపేవాళ్ళు. ఇంకొకరి ఉత్తరం విప్పడం మా డిపార్ట్‌మెంట్‌లో నేరం, ఆ మాట మీద ముప్పై ఏళ్ళు బతికాను, కానీ ఆ తర్జుమా కాగితాలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉండబట్టే ఇవాళ ఆ రౌతుల గొంతు మనకి కొంచెం వినపడుతుంది, అసలు ఉత్తరాలు ఇళ్ళల్లో ఎప్పుడో చెదలు తినేశాయి. చదివితే వాటిల్లో శౌర్యం గురించి తక్కువ, చలి గురించి, పొలం కౌలు గురించి, సెలవు ఇవ్వట్లేదని, అక్కడి ముసలమ్మలు కొడుకుల్లా చూసుకున్నారని, అక్కడ ఆడవాళ్ళు కూడా చదువుకుంటారని, ఇలాంటివి ఉంటాయి. నాకు అందులో ప్రతి మాటా మన ఊరి మనిషి మాటలాగే అనిపించింది.

ఇప్పుడు 1916 జూలై 14. ఈ తేదీ మన స్కూళ్ళలో చెప్పరు గానీ సికింద్రాబాద్‌లో చెప్పాలి. సొమ్ నది దగ్గర పెద్ద యుద్ధం నడుస్తోంది, ఆ రోజు తెల్లవారుజామున ఇన్‌ఫంట్రీ దాడి బాగా జరిగింది, హైవుడ్ అనే అడవి ఖాళీగా ఉన్నట్టు కనపడింది. అప్పుడు కావల్రీని రమ్మన్నారు. సికింద్రాబాద్ బ్రిగేడ్ పొద్దున బయల్దేరింది గానీ దారంతా షెల్ గుంతలు, అడ్డంగా కందకాలు, వానకి జారుడు నేల, గుర్రాలు జారి పడుతూ లేస్తూ వచ్చాయి. వచ్చాక ఆర్డర్ లేదు. మధ్యాహ్నం అంతా ఒక లోయలో కూర్చోబెట్టారు. ఆ ఎదురుచూపు ఫోటో ఒకటి ఉంది, లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ళ దగ్గర, కార్నోయ్ లోయలో డెక్కన్ హార్స్ అని, గుర్రాలు, బల్లేలు, తలపాగాలతో మనుషులు. నేను మా దోస్తు షాపులో ఫోన్‌లో చూపించినప్పుడు ఆయన దాన్ని పెద్దది చేసి చేసి ఒక్కో మొహం చూశాడు, ఆయన దగ్గర ఆ ముత్తాత ఫోటో ఒక్కటి కూడా లేదు, ఎవరిని వెతుకుతున్నాడో ఆయనకే తెలియదు, అయినా చూస్తూనే ఉన్నాడు, కస్టమర్ వచ్చి నిలబడ్డా చూసుకోలేదు.

సాయంత్రం ఏడు ప్రాంతంలో పొమ్మన్నారు. సెవెన్త్ డ్రాగూన్ గార్డ్స్ అనే బ్రిటిష్ రెజిమెంట్ ఒక పక్క, డెక్కన్ హార్స్ ఒక పక్క. ముందు కోతకి వచ్చిన గోధుమ చేను. ఆ చేలో జర్మన్లు దాక్కుని ఉన్నారు. బల్లేలు దించి చేనులోంచి పైకి దూసుకుపోయారు, కొంతమందిని పొడిచారు, కొంతమందిని పట్టుకున్నారు, పైన ఒక విమానం చాలా కిందకి దిగి జర్మన్ల మీద కాలుస్తూ సాయం చేసింది. ఆలోచించండి, వెదురు బల్లెం, గుర్రం, మెషిన్ గన్, విమానం, నాలుగూ ఒకే చేనులో ఒకే సాయంత్రం. ఆ తర్వాత మెషిన్ గన్లు అందుకున్నాయి, గుర్రాల మీద ఇంకా ముందుకి పోవడం కుదరలేదు, దిగి, రాత్రంతా ఆ నేలని పట్టుకుని ఉన్నారు, తెల్లారకముందే వెనక్కి రమ్మన్నారు. వచ్చేశారు. ఆ అడవి చేతికి రావడానికి ఇంకా రెండు నెలలు పట్టింది, సెప్టెంబర్ 15న. మధ్యలో అక్కడ పోయిన ఇన్‌ఫంట్రీ వాళ్ళకి లెక్కలేదు.

కొంతమంది దీన్ని వృథా దాడి అంటారు, పొద్దున్నే ఆర్డర్ ఇచ్చి ఉంటే అడవి చేతికొచ్చేదని కొంతమంది అంటారు. నా అభిప్రాయం, తప్పు ఎవరిదైనా చేనులో ఉన్నవాడిది కాదు. పొద్దున్నుంచి గుర్రం పక్కన కూర్చుని, పొమ్మన్నప్పుడు పోయి, ఆగమన్నప్పుడు ఆగి, రమ్మన్నప్పుడు చచ్చిన గుర్రాల్ని అక్కడే వదిలి నడిచొచ్చాడు. మా దోస్తు ముత్తాత ఆ రోజు బల్లెం పట్టుకుని పోయినవాళ్ళలో ఉన్నాడా, వెనక సామాను దగ్గర ఉన్నాడా అనే మాట మేమిద్దరం మాట్లాడుకున్నాం. ఆయన అన్నాడు, ఎక్కడున్నా అక్కడే ఉన్నాడు కదా భాయ్ అని.

1918 మొదట్లో ఈ దళాల్ని ఫ్రాన్స్ నుంచి ఈజిప్ట్‌కి, అక్కడి నుంచి పాలస్తీనాకి పంపారు. మంచులోంచి తీసి జోర్డాన్ లోయలో వేశారు. ఆ లోయ సముద్ర మట్టానికి వందల మీటర్ల కింద ఉంటుంది, ఎండాకాలం గాలి ఆడదు, గుర్రం నడిస్తే పిండిలా దుమ్ము లేస్తుంది, దోమలు, మలేరియా. సెప్టెంబర్ 19న సముద్రం ఒడ్డు వైపు టర్కీ వరస తెగింది, అప్పుడు జరిగింది ఫ్రాన్స్‌లో నాలుగు చలికాలాలు ఎదురుచూసిన పని, గుర్రాలు ఆ సందులోంచి దూరి ఒక్క రోజులో ఎనభై కిలోమీటర్ల దాకా పోయాయి. మీ వ్యాసంలో ఉన్న హైఫా ఈ పరుగులో ఒక ముక్క. అక్టోబర్ 1న డమాస్కస్. అక్కడికి చేరాక చావులు మొదలయ్యాయి, లోయలో ఎక్కిన మలేరియా ఇప్పుడు బయటపడింది, దానికి ఫ్లూ తోడైంది, గెలిచిన సైన్యం వందల మంది చొప్పున ఆస్పత్రుల్లో పడిపోయింది. దాడిలో చనిపోయిన 8 మందికి హైఫాలో ఏటా పూలు పెడతారు, పెట్టాలి కూడా, కానీ జ్వరంతో డమాస్కస్‌లో పోయిన సవార్ పోరాడలేదని అంటామా?

తిరిగొచ్చినవాళ్ళు గుర్రాలు లేకుండా వచ్చారు. వేల గుర్రాల్ని అంత దూరం ఓడల్లో తేవడం ఖర్చు అని చాలావాటిని అక్కడే అమ్మేశారు, పనికిరావనుకున్నవాటిని కాల్చేశారు. 1930లో డొరొతీ బ్రూక్ అనే ఆవిడ కైరోకి వెళ్తే, సైన్యంలో పనిచేసిన ఆ ముసలి గుర్రాలు బండ్లకి, రాళ్ళ క్వారీలకి కట్టి ఎముకల గూళ్ళలా కనిపించాయట, వాటిని కొని చివరి రోజులు ప్రశాంతంగా గడపనివ్వాలని ఆవిడ మొదలుపెట్టిన పనే 1934లో కైరోలో గుర్రాల ఆస్పత్రి అయింది, ఇప్పటికీ నడుస్తోంది. నాలుగేళ్ళు తన కంటే ముందు దానికి తిండి పెట్టి, చలిలో తన కంబళి దానికి కప్పిన మనిషి, దాన్ని రేవులో వదిలి ఓడ ఎక్కడం ఎలా ఉంటుందో నాకు ఊహకి అందట్లేదు. మా దోస్తు ఇంట్లో ఇంకో చిన్న మాట మిగిలింది, ఆ ముత్తాత తిరిగొచ్చాక మళ్ళీ ఎప్పుడూ గుర్రం పెంచలేదట, టాంగా కూడా ఎక్కేవాడు కాదట. కారణం ఎవరూ అడగలేదు.

సైసులు, గడ్డి కోసేవాళ్ళు, నీళ్ళు మోసే భిస్తీలు, వంటవాళ్ళు, పాకీ పనివాళ్ళు, వీళ్ళు కూడా రెజిమెంట్‌తో పాటు వెళ్ళారు. వీళ్ళని ఫాలోవర్స్ అనేవాళ్ళు. సవార్‌కి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండిది, ఫాలోవర్‌కి అదే మెడల్ కంచులో ఇచ్చారు. ఒకే యుద్ధం, ఒకే షెల్, మెడల్‌కి మాత్రం తేడా. మన చుట్టుపక్కల బస్తీల్లో తెలుగు ఇళ్ళల్లో ఇలాంటి కంచు మెడల్ ఉంటే దాన్ని పాత నాణెం అనుకుని పారేయొద్దు.

ఇంక అడగాల్సింది. మొదటి ప్రపంచ యుద్ధానికి మన దేశం నుంచి 13 లక్షల మంది దాకా వెళ్ళారు, 74 వేల మంది దాకా తిరిగి రాలేదు. తిరిగి రానివాళ్ళ పేర్లు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ వెబ్‌సైట్‌లో ఫ్రీగా వెతుక్కోవచ్చు, ఫ్రాన్స్‌లో నవ్ షపెల్ స్మారకం మీద సమాధి దొరకని మన వాళ్ళ పేర్లే 4,700 పైన ఉన్నాయి. కానీ తిరిగొచ్చినవాడి పేరు ఎక్కడ ఉంటుంది? పంజాబ్‌కి ఒక దారి దొరికింది, లాహోర్ మ్యూజియంలో పడి ఉన్న రిజిస్టర్లు, ఊరూరా ఎవరు యుద్ధానికి వెళ్ళారో రాసిపెట్టినవి, 3 లక్షల 20 వేల మంది వివరాలు, వాటిని బ్రిటన్‌లో ఉన్న పంజాబీలు ఒక యూనివర్సిటీతో కలిసి కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టి 2021లో బయటపెట్టారు, మనవళ్ళు ముని మనవళ్ళు వెతుక్కుంటున్నారు. మనకి తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, నిజాం కాలం కాగితాలు ఉర్దూలో, ఫార్సీలో లక్షల్లో ఉన్నాయి, ఆ భాషలు చదవగలిగిన పెద్దవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నప్పుడే ఫౌజు కాగితాలు వెతికించి, పేర్లు తీయించి అందరికీ కనపడేలా పెట్టమని మీ పేపర్ ద్వారా ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. ఇది పెద్ద బడ్జెట్ పని కాదు, కూర్చుని చదివే మనుషుల పని. ఫస్ట్ లాన్సర్, ఏసీ గార్డ్స్, రిసాలా బజార్ ఈ మూడు చోట్లా ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుగు, ఉర్దూ రెండిట్లో ఒక చిన్న బోర్డు పెట్టినా చాలు.

రెండోది మీ పాఠకులకి. వెండి రేటు ఇప్పుడు ఎక్కడికి పోయిందో తెలుసు కదా, ఇంట్లో పాత వెండి బయటికి తీసి అమ్ముతున్నారు. అందులో రూపాయి కంటే పెద్దగా, లావుగా, ఒక పక్క రాజు తల, ఇంకో పక్క గుర్రం మీద మనిషి, ఆ మనిషికి అటూ ఇటూ 1914, 1918 అని ఉన్నది కనపడితే దయచేసి ఆగండి. అది బ్రిటిష్ వార్ మెడల్. దాని అంచుని వెలుతురులో పెట్టి మెల్లగా తిప్పండి, భూతద్దం ఉంటే ఇంకా మంచిది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక నంబరు, పదవి, మనిషి పేరు, రెజిమెంట్ పేరు చెక్కి ఉంటాయి. షాపువాడు కరిగించేది ఆ పేరుని. అమ్మక తప్పని పరిస్థితి ఉంటే, ఉంటుంది, నేను కాదనను, కనీసం అంచు ఫోటో తీసి పెట్టుకోండి, మీ పేపర్ వారానికి ఒక చిన్న కాలమ్ పెట్టి అలాంటి ఫోటోలు వేస్తే వచ్చిన ప్రతి పేరూ నేను కూర్చుని చదివి, ఆ రెజిమెంట్ ఎక్కడెక్కడ తిరిగిందో రాసి పంపుతాను, డబ్బులేమీ వద్దు, నాకు టైం ఉంది, కళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి.

మా దోస్తు షాపులో మేం ఆ విక్టరీ మెడల్ అంచు తిప్పింది పోయిన చలికాలంలో. నట్లు బోల్టులు తూకం వేసే కౌంటర్ మీద పెట్టి, నూనె గుడ్డతో తుడిచి, ఫోన్ లైట్ వేశాం. ముందు నంబరు కనపడింది, తర్వాత సవార్ అని పొట్టిగా మూడు అక్షరాలు, తర్వాత పేరు. ఆయన ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు, ఒకసారి మెల్లగా, ఇంకోసారి పైకి. తర్వాత వాళ్ళ అబ్బాయికి ఫోన్ చేశాడు, కాలేజీలో ఉన్నాడు పిల్లవాడు, క్లాసు అయ్యాక చెయ్యమంటే కూడా వినకుండా, నీ పేరు ఎవరి పేరో ఇప్పుడు దొరికింది రా, ఇంటికి రాగానే షాపుకి రా అని చెప్పాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పోస్టల్ ఉద్యోగి,
బొల్లారం, సికింద్రాబాద్.